తొక్కద్దని అరిచింది నేనే

నాకు నోరెక్కువ. ఈ మాట మా వీధిలో అందరూ నా వెనక అంటారు, నా ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. కర్నూలులో మేం స్టీలు సామాన్ల అంగడి పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. మా ఆయన లోపల గల్లా దగ్గర కూర్చుంటాడు, నేను బయట గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటాను. గంటసేపు బేరమాడి ఏమీ కొనకుండా పోయేవాళ్లు, అంగడికి అడ్డంగా బండి నిలిపి టీ తాగడానికి పోయేవాళ్లు, బిందె మీద వేళ్లతో వాయించి పెదవి విరిచేవాళ్లు, వీళ్లందరినీ చూసుకునేది నేనే. నోరు లేని మనిషి ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చోలేదు.

మా కోడలి కాలు విరిగిన సంగతి రాస్తున్నాను. ఎట్లా విరిగిందని వీధిలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. పోలీసులకు నేను మొదట చెప్పింది కూడా కథే. ఆ కథ వల్ల ఒక ఆటో ఆయన బతుకు బజారున పడబోయింది. అందుకే జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెట్టాలనిపించింది.

ముందు మా వీధి సంగతి. దాన్ని రోడ్డు అనడానికి నాకు మనసొప్పదు. పొద్దున తొమ్మిది దాటిందంటే కల్లూరు షేర్ ఆటోలు, స్కూలు వ్యాన్లు, ఇసుక ట్రాక్టర్లు, పాల క్యాన్లు కట్టిన మోటారు సైకిళ్లు, అన్నీ అందులోనే దూరతాయి. ఎడమ పక్కన పోవాలన్న రూలు పిల్లలు పరీక్షలో రాయడానికే పనికొస్తుంది. హారన్ గట్టిగా కొట్టినవాడిదే దారి. చెయ్యెత్తిన మనిషి కనబడితే చాలు, నడిరోడ్డైనా సరే, ఆటో ఆగిపోతుంది. వెనక వచ్చేవాడి ఖర్మ. నడిచే మనిషిని మాత్రం ఎవరూ మనిషిగా చూడరు. పత్తికొండ నుంచి పెళ్లి సామాన్లకు వచ్చే ఆడవాళ్లు అవతలి పక్క దిగి, ఒకరి చేతులొకరు పట్టుకుని, దేవుడా దేవుడా అనుకుంటూ ఇవతలికి వస్తారు. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి "అబ్బా, బతికి బయటపడితిమి" అంటారు. వాళ్లకు ముందు నీళ్లిచ్చి, ఆ తర్వాత బిందెలు చూపిస్తాను.

నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. స్పీడ్ బ్రేకర్ వేయండి, దాటడానికి తెల్ల చారలు గీయండి, ఆ ఆటోలను మా అంగడి ముందర నుంచి తరిమేయండి అని అర్జీ మీద అర్జీ పెట్టాను. ఆఫీసరన్నవాడు వీధిలో కనబడితే వదిలేదాన్ని కాదు. ఒకసారి ఒక ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు, చివరికి నా ముందర వచ్చి నిలబడ్డాడు.

"అన్నీ చేస్తామమ్మా. ముందు మనుషులు నడిచేదానికి జాగా యాడుండాది?"

"ఆ జాగా మీరు కట్టల్ల గదప్పా. నన్నడుగుతావేం?"

"కట్టినాం. మీరు కుర్చీ ఏసుకోని కూర్చున్నారే, అదే."

ఆయన్ను నేను ఎన్ని మాటలన్నానో ఇప్పుడు రాయలేను. వినలేక టేపు చుట్టుకుని పోయాడు. కానీ ఆయన అన్నది నిజం. మురుగు కాలువనూ, దాని పక్కనున్న నడకదారినీ కలిపేసి మేం బండలు పరిపించుకున్నాం. మా కోడలి పుట్టిల్లు కడప. వాళ్ల నాయనది బండల వ్యాపారం. పెళ్లయిన కొత్తలో "మా పాప అంగడి ముందర బురద తొక్కగూడదు" అని ఆయనే లారీలో నల్ల బండలు పంపించాడు. పాలిష్ పట్టినవి, మొగం కనబడేంత నున్నగా ఉంటాయి. వాటి మీద మా గంగాళాలు, ఇడ్లీ పాత్రలు, బిందెల వరసలు, నా కుర్చీ. వీధిలో అందరూ చేసిందే మేమూ చేశాం, కాకపోతే మా బండలు అందరికంటే బాగుంటాయి. దానికి నేను శానా గర్వపడేదాన్ని.

ఇక అమావాస్య సంగతి చెప్పాలి. ప్రతి అమావాస్యకూ దీపాలు పెట్టే వేళకు మా వీధిలో ఒక్కో అంగడి ముందర ఒక్కో బూడిద గుమ్మడికాయ పగులుతుంది. కాయకు కుంకుమ పూసి, పైన కర్పూరం వెలిగించి, అంగడికి మూడుసార్లు దిష్టి తిప్పి, నడిరోడ్డు మీద నేలకేసి కొడతారు. మూలకు కొడితే లాభం లేదు. బండ్ల చక్రాలు దాన్ని తొక్కి తొక్కి పిండి చేస్తేనే దిష్టి పోతుందని నమ్మకం. చక్రాలు తొక్కాలి గానీ మనుషులు తొక్కకూడదు. తొక్కితే ఆ అంగడి దిష్టంతా తొక్కినవాళ్లకు అంటుకుంటుంది. అందుకని అమావాస్య సాయంత్రం మా వీధిలో నడిచేవాళ్లు బండ్లను చూడరు, నేలను చూస్తారు. ఎర్రటి చెక్క కనబడితే ఎటు వీలైతే అటు గెంతుతారు. స్కూటర్లు ఆ గుజ్జు మీద జారి పడుతుంటాయి. పడినవాడిని లేపి, నీళ్లిచ్చి, "చూసుకోని పోవద్దా నాయనా" అని బుద్ధి చెప్పి పంపించేది కూడా మేమే. మళ్లీ అమావాస్యకు మళ్లీ అదే చోట కొడతాం.

మా కోడలికి ఈ పద్ధతి కొత్త. డిగ్రీ చదివిన పిల్ల, కంప్యూటరు మీద బిల్లులు వేస్తుంది. నెమ్మదస్తురాలు. "అట్లే అత్తా" అనడం తప్ప రెండో మాట లేదు. నా అదృష్టమని అందరికీ చెప్పుకునేదాన్ని. పెళ్లయి వచ్చిన మొదటి అమావాస్యకు తెలియక మా కాయ చెక్క మీదే కాలు వేసింది. నేను ఊరుకుంటానా? వీధంతా చూస్తుండగా ఆమెను నిలబెట్టి, బకెట్ నీళ్లతో కాళ్లు కడిగించి, ఉప్పుతో దిష్టి తీసి, "చదువుకున్నావు గదా, కండ్లు నెత్తికెక్కినాయా?" అన్నాను. వారం రోజులపాటు అంగడికి వచ్చిన వాళ్లందరికీ ఆ సంగతి చెప్పి నవ్వాను. నాకది ముచ్చట. ఆమెకెట్లా ఉందో నేనడగలేదు.

కాలు విరిగింది ఆ మరుసటి ఏడు, ఎండాకాలం అమావాస్యనాడు. మా అబ్బాయి సరుకు కోసం చెన్నైకి పోయి ఉన్నాడు. మా ఆయన కాయ కొట్టి లోపలికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. కోడలు అవతలి పక్కకు పోయి పాల ప్యాకెట్లు తీసుకుని వస్తోంది. రోడ్డు దాటడం కూడా అయిపోయింది. దాటి మా పక్కకు వచ్చి, అంగడి వైపు నడుస్తోంది. బండల మీద నడుద్దామంటే పక్కంగడి వాళ్ల ప్లాస్టిక్ కుర్చీల దొంతర్లు, అవి దాటితే మా గంగాళాలు. అందుకని రోడ్డు అంచున నడుస్తోంది. మా ఆయన కాయను మధ్యలోనే కొట్టినా ఒక పెద్ద చెక్క ఎగిరి అంచుకు వచ్చి పడింది. ఆమె కాలు సరిగ్గా దాని మీద పడబోతోంది.

నేను చూశాను. నా గొంతు సంగతి చెప్పాను గదా. "తొక్కద్దే! తొక్కద్దు! దిష్టి!" అని ఒక్క అరుపు అరిచాను. ఆ పిల్ల ఉలిక్కిపడి రోడ్డు లోపలికి ఒక్క గెంతు గెంతింది. ఎదురుగా వస్తున్న షేర్ ఆటో ఆమెను గుద్దేసింది. పాల ప్యాకెట్లు పగిలి పాలు రోడ్డంతా పారాయి. ఆమె కింద పడింది. ఎడమ కాలు మోకాలి కింద ఎట్లా వంగకూడదో అట్లా వంగి ఉంది.

ఆటో వేగంగా రాలేదు. ఆ వేళ ఆ వీధిలో ఎవరూ వేగంగా రాలేరు. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా నేను ముందు పరిగెత్తింది కోడలి దగ్గరికి కాదు, ఆటో ఆయన దగ్గరికి. చొక్కా పట్టుకుని కిందికి లాగాను. వీధివాళ్లకు అంతకంటే ఏం కావాలి? తలా ఒక దెబ్బ వేశారు. నేను కూడా చెయ్యి చేసుకున్నాను. నడివయసు మనిషి, పెదవి చిట్లి నెత్తురొస్తోంది. "అమ్మా, ఆ పాప ఎగిరి మీదికొచ్చిందమ్మా, నేనేం చేసేది" అంటూనే ఉన్నాడు. "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావురా దొంగ సచ్చినోడా" అని నేను గొంతు చించుకున్నాను. ఆటోల మీద ఇన్నేళ్లుగా నాకున్న కసి అంతా ఆయన ఒక్కడి మీద తీర్చుకున్నాను.

ఆస్పత్రిలో కోడలి కాలికి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నడుస్తుంది గానీ ఎన్నాళ్లకని అడగొద్దన్నాడు డాక్టరు. పోలీసాయన వచ్చి ఏం జరిగిందని నన్నడిగాడు. కన్ను మిన్ను కానకుండా ఆటో మీదికి తోలుకొచ్చాడని చెప్పాను. గుమ్మడికాయ మాట ఎత్తలేదు, అరుపు మాట అసలే ఎత్తలేదు. మంచం మీద ఉన్న కోడలిని అడిగితే "నాకేం గుర్తు లేదు సార్" అంది. మత్తు దిగని పిల్ల, ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అమ్మయ్య అనుకున్నాను. ఆటో ఆయన మీద కేసు కట్టి, బండిని స్టేషన్ ఆవరణలో పెట్టించారు.

మరునాడు కడప నుంచి వియ్యంకుడు దిగాడు. మా అంగడి ముందర, తను పంపిన బండల మీదనే నిలబడి, "ఇది ఊరా అడవా? ఆడపిల్ల నడిచేదానికి అడుగు జాగా లేదే ఈ వీధిలో!" అని కేకలేశాడు. నేను కూడా ఆయనతో గొంతు కలిపాను. ఇద్దరం కలిసి ఆటోవాళ్లను తిట్టాం. ఆ బండలను మేమిద్దరం చూడనే లేదు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ఒకామె అంగడికి వచ్చింది. పెళ్లి సామాన్లకేమో అనుకుని "రామ్మా, కూర్చో" అన్నాను. ఆమె కూర్చోలేదు.

"నేను ఆ ఆటో ఆయన పెండ్లాన్ని. కల్లూరు నుంచి వచ్చినా. నిన్ను ఒక్కటే మాట అడిగి పోతా. ఆ దినం నువ్వు అరిచినావా, లేదా?"

నాకు ఒళ్లు మండింది. నా అంగడికి వచ్చి నన్నే నిలదీస్తుందా?

"నా కోడలు కాలిరిగి మంచంలో ఉంటే నన్ను అడిగేదానికొచ్చినావా? సిగ్గుండాదా నీకు?"

"సిగ్గు సంగతి తర్వాత. మా ఆయన చెవులతో విన్నాడు. ఆటోలో కూర్చున్నోళ్లు విన్నారు. వాళ్లు సాక్ష్యం చెప్పేదానికి భయపడతాండారు, మీరంతా అంగళ్లోళ్లు, ఒక్కటని. ఇరవై ఏండ్లు బండి తోలినాడమ్మా, ఒక కోడిని గూడా తొక్కలే. ఇప్పుడు గోడ కల్లా చూస్తా కూర్చోనుండాడు. అన్నం పెడితే తినడు. జైలుకు పంపిస్తారా అని పిల్లోళ్లు అడుగుతాండారు. నువ్వు అరిచినావా, లేదా?"

"పో అవతలికి! పోతావా, పోలీసుల్ని పిలవనా?"

ఆమె పోయింది. పోతూ పోతూ "నీ నోరే నీ కోడలి కాలు తీసింది" అంది. వెనక నుంచి నేను ఏడు తరాలు తిట్టాను. ఆ పూట అన్నం సహించలేదు. మా ఆయనతో చెప్పాను, ఆమె అన్నది నిజమేనని.

"నిజమైతే ఏంది?" అన్నాడు ఆయన తలెత్తకుండా. "ఇప్పుడు మాట మారిస్తే పోలీసోళ్లు ఊరుకుంటారా? వీధిలో మన పరువేం గావాల? నోరు మూసుకోని కూర్చోవే."

ముప్పై ఏళ్లలో ఆయన నన్ను నోరు మూసుకోమనడం అదే మొదటిసారి. నేను మూసుకోవడం కూడా అదే మొదటిసారి. మూసుకుంటే లోపల ఎట్లా ఉంటుందో కూడా తెలిసింది.

ఆ వారమే వీధి వర్తకులందరం ఒక మీటింగు పెట్టుకున్నాం. బట్టల అంగడి మేడ మీద హాలు. ట్రాఫిక్ పోలీసు అధికారి వచ్చాడు, ఆ టేపు ఇంజనీరు కూడా వచ్చాడు. వియ్యంకుడు కడప నుంచి మళ్లీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఉగ్గాని బజ్జీలు తెప్పించారు. తింటూ తింటూ అందరూ ఆటోవాళ్లను తిట్టారు. ఆటోలను వీధిలోకి రానీయగూడదన్నారు, ఆ డ్రైవరు మీద కేసు గట్టిగా నడిపించి వాడికి మళ్లీ లైసెన్సు రాకుండా చేస్తే తక్కిన వాళ్లకు బుద్ధొస్తుందన్నారు. ప్రతి మాటకూ మా ఆయన తల ఊపాడు. నేను ఒకతినే ఊపలేదు. పక్కంగడాయన "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని కూడా అడిగాడు.

అప్పుడు ఇంజనీరు లేచాడు. "ఆటోల సంగతి సరే. మొదలు నడకదారి మీద బండలు, సామాన్లు తీయండి. నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగేది అందుకే" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హాలు హాలంతా ఒక్కసారి లేచింది. బండలు తీస్తే కాలువ కంపు ఎవరు పీల్చాలని ఒకరు. సామాను లోపల పెడితే గిరాకీ వస్తుందా అని ఇంకొకరు. మా వియ్యంకుడైతే "బండలకూ యాక్సిడెంటుకూ ఏం సంబంధమప్పా?" అని ఆయన మీదికే పోయాడు.

పోలీసు అధికారి చేత్తో అందరినీ కూర్చోబెట్టాడు. "ఒక మాట. ఆ జాగాలో గుమ్మడికాయ పగిలుంది. ఆ అమ్మాయి అంచున నడుస్తా, ఉన్నట్టుండి రోడ్డు లోపలికెందుకు పోయింది? అది నాకు అర్థం కాలేదు" అన్నాడు.

అందరికీ తెలుసు, అందరి అంగళ్ల ముందరా కాయలు పగులుతాయి. ఒకరు పైన ఫ్యాను చూశారు, ఒకరు ఫోను చూశారు. ఆ సందులో పక్కంగడి ప్లాస్టిక్ సామాన్లాయన, నన్ను ఒంట్లో బాగలేదా అని అడిగిన పెద్దమనిషి, "ఏముండాది సార్, ఈ కాలం పిల్లోళ్లు గదా. ఫోను చూసుకుంటా నడిచింటాది" అన్నాడు.

అంతే, నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆ రోజు బండల మీద వాడి కుర్చీలే ఉన్నాయి. వాటి వల్లనే ఆ పిల్ల రోడ్డు మీదికి దిగింది. పైగా తప్పు ఆ పిల్లదేనట!

"ఫోను యాడుండాదిరా ఆమె చేతిలో?" అని లేచాను. "పాల ప్యాకెట్లుండె! నీ కుర్చీలు అడ్డముండె, నా గంగాళాలు అడ్డముండె! నా కోడలు తల దించుకోని సక్కంగా నడుస్తాండె! ఆమె ఊరకే గెంతలే. గుమ్మడికాయ తొక్కుతాదని నేను అరిచినా. నా అరుపుకు గెంతింది. ఆటో ఆయన తప్పు ఇంతంత గూడా లేదు. నేను అబద్ధం చెప్పినా సార్. రాసుకోండి!"

హాలంతా నోరెళ్లబెట్టింది. మా ఆయన నా చెయ్యి పట్టి కిందికి గుంజాడు, విదిలించుకున్నాను. వియ్యంకుడు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన మొగం నల్లబడిపోయింది.

"అయితే నా బిడ్డ కాలు తీసింది నువ్వా?"

"నేనే. నేనూ, నీ బండలూ."

ఆ మాట అని ఉండకూడదేమో. ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకుని, బజ్జీ ప్లేటు కాలితో తన్ని, మెట్లు దిగిపోయాడు. మూడు నెలలు మాతో మాట్లాడలేదు.

తర్వాత పోలీసులు నన్ను స్టేషన్‌కు పిలిపించి, మొదటి మాట ఎందుకు మార్చానని గంటసేపు చీవాట్లు పెట్టారు. పెట్టనీ, పడ్డాను. ఆటోను వదిలేశారు. కేసు కూడా నిలబడలేదు. కల్లూరు పోయి వాళ్లింటి ముందర నిలబడి, తప్పయిందని చెప్పాను. ఆయన బయటికి రాలేదు. ఆమె వచ్చి, గడపకు అడ్డం నిలబడి, "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది. లోపలికి రమ్మనలేదు, నీళ్లియ్యలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

మా వీధికైతే నేను పగదాన్నయ్యాను. ఇంటి గుట్టు రోడ్డుకీడ్చిందన్నారు, దిష్టి తగిలి మతి చెడిందన్నారు. పక్కంగడాయన ఈనాటికీ నన్ను చూస్తే మొగం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ, వాడి మొగం చూడకపోతే నాకేం అన్నం అరగదా? ఇంజనీరు మాత్రం కూలీలను తీసుకుని వచ్చాడు. మా బండలు తీసేయండని మేమే చెప్పాం. గడ్డపారతో లేపుతుంటే మా ఆయన లోపలికి పోయి కూర్చున్నాడు. గంగాళాలు లోపలికి పెట్టాం, నా కుర్చీ కూడా లోపలికి పోయింది. కాలువకు మూతలు వేసి నడకదారి కట్టారు. మాతో కలిపి నాలుగంగళ్ల మేర అది ఉంది. ఐదో అంగడి దగ్గరికి రాగానే నడిచే మనిషి మళ్లీ రోడ్డు మీదికి దిగాల్సిందే, అక్కడ ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. దాటేచోట తెల్ల చారలు గీశారు, స్పీడ్ బ్రేకర్ వేశారు. ఆటోలు కొద్దిగా ముందుకు జరిగి ఒక వరసలో ఆగుతున్నాయి. అమావాస్యలకు వీధిలో కాయలు ఇంకా పగులుతూనే ఉన్నాయి. మా కాయ మాత్రం పగలడం లేదు. ఇంత జరిగినాక కూడా ఈ వీధి మారిందంటే నేను ఒప్పుకోను. నాలుగంగళ్లు మారాయి, అంతే.

కోడలు ఐదు నెలలకు చేతికర్రతో నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున అంగడికి వస్తానంది. నాకు పండగైపోయింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కొత్త నడకదారి చూపించాను, చారలు చూపించాను. ఆ మీటింగు కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, ఎవడు ఎట్లా తెల్లమొగం వేశాడో నటించి కూడా చూపించాను. నిజం చెప్పేశానని, ఎవరికీ భయపడలేదని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె వింటూ "అట్లే అత్తా" అంది.

"పాలంగడి దాకా పోయొద్దాం రా" అన్నాను. "ఇప్పుడేం భయం లేదు. చారల మీద దాటితే బండ్లు ఆగల్ల. ఆగకపోతే నేనుండా."

ఇద్దరం చారల దగ్గర నిలబడ్డాం. అటు నుంచి ఒక ఆటో, ఇటు నుంచి ఒక వ్యాను వస్తున్నాయి. నేను ఆమె కదలడం కోసం చూస్తున్నాను. ఆమె కదల్లేదు. అటూ చూడలేదు, ఇటూ చూడలేదు. తలెత్తి నా మొగం చూస్తూ నిలబడింది, దాటమంటానా ఆగమంటానా అని.

"నా మొగం ఏం చూస్తాండావే? ఆటోను చూడు!" అని కసిరాను.

ఆమె కర్ర మీద చెయ్యి బిగించింది.

"ఆ దినం గూడా చూసినా అత్తా" అంది, మెల్లగా. "నాకంతా గుర్తుండాది. ఆటో వస్తాండేది బాగానే చూసినా. అయినా మీరు అరిచినారు గదా, అందుకే అటు దూకినా."